నెలకు 28 రోజులే.. ఏడాదికి 13 రీఛార్జీలు
జగ్గయ్యపేట, నందిగామ: స్మార్ట్‌ఫోను కొనేటప్పుడు మెట్ట ప్రాంత రైతులు ధర దగ్గర బేరమాడతారు. అసలు భారం ఆ తర్వాతే మొదలవుతుంది. రోజుకు 1.5 జీబీ డేటా ఇచ్చే పథకాన్ని జియో 2024 జులై 3న రూ.239 నుంచి రూ.299కు పెంచింది. గడువు 28 రోజులే కావడంతో ఏడాదికి 13 సార్లు చెల్లించాలి. ఆ లెక్కన ఏటా రూ.3,887.. మూడేళ్లకు రూ.11,661. రూ.10 వేల ఫోను కన్నా ఇదే ఎక్కువ. పత్తి, మిరప సొమ్ము చేతికందేది ఏడాదికోసారి. రీఛార్జి గడువు తీరేది నాలుగు వారాలకోసారి.

మాటలకే ఫోను వాడే వృద్ధులకు డేటా ఖర్చు వృథా. కాల్స్‌, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్‌లు ఉండాల్సిందేనని ట్రాయ్‌ 2024 డిసెంబరులో ఆదేశించింది. గడువు పరిమితిని 90 నుంచి 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్‌ అలాంటి ఏడాది ప్యాక్‌ను రూ.1,849కి తెచ్చింది. డేటా అక్కరలేనివారు దుకాణంలో వీటిని అడిగి తీసుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది.