చదువు అడగని గుర్తు

వ్యాపార సంస్థలు తమను లోకానికి పరిచయం చేసుకునే చిహ్నాన్ని నేడు అందరూ ‘లోగో’ అంటున్నారు. ఆ మాట వినని పల్లెవాసికి సైతం ‘గుర్తు’ అంటే ఏమిటో తెలుసు. 1951 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యత సుమారు 18 శాతం మాత్రమే. ఆ ఏడాది చివర మొదలై 1952లో ముగిసిన తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె ఏర్పాటు చేసి, దానిపై అతని గుర్తును అంటించారు. అక్షరం రాని కోట్లాది మంది ఆ బొమ్మను చూసే ఓటు వేశారు. చిహ్నం మొదట చేయవలసిన పని అదే. ఆకర్షణ, కొత్తదనం తరువాతి మాటలు.

భారతీయ స్టేట్ బ్యాంకు 1971లో స్వీకరించిన చిహ్నాన్ని అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు చెందిన శేఖర్ కామత్ రూపొందించారు. నీలిరంగు వృత్తం, నడుమ చిన్న తెల్లని వృత్తం, దాని నుండి కిందికి దిగిన ఒక గీత. చూసినవారికి తాళంకప్పలోని రంధ్రం స్ఫురిస్తుంది. భద్రత అనే భావం మాట సాయం లేకుండానే మనసుకు అందుతుంది. రబ్బరు ముద్రగా కాగితంపై పడినా, రహదారి పక్కన బోర్డుగా నిలిచినా, సెల్‌ఫోను తెరపై గోరంత చోటులో ఇమిడినా దాని రూపం చెడదు. ఒకసారి చూసిన పిల్లవాడు పలకపై గీయగలడు. జీవిత బీమా సంస్థ చిహ్నంలోని దీపానికి రెండు చేతులు అడ్డుగా ఉంటాయి. బీమా అంటే తెలియని ఇంట్లోనైనా ‘గాలిలో దీపం’ అనే మాట ఉంటుంది కదా!

నేటి చిహ్నాలలో అనేకం కంప్యూటరు తెరపై మాత్రమే అందగిస్తున్నాయి. మెలికలు తిరిగిన ఆంగ్లాక్షరాలు, ఒకదానిలో ఒకటి కరిగే నాలుగైదు రంగులు గోనెసంచిపై అచ్చు వేసేసరికి మరకగా మిగులుతాయి. ఆకారం చెప్పవలసిన మాటను రంగుకు అప్పగించడం పెద్ద పొరపాటు. ఆహార పదార్థాల ప్యాకెట్లపై శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క వేసే నిబంధన ఈ శతాబ్ది తొలినాళ్లలో వచ్చింది. రెండూ చతురస్రంలోని చుక్కలే. ఆ రెండు రంగుల తేడా కంటికి ఆననివారు ఎందరో ఉన్నారు. నిష్ఠగా శాకాహారం పాటించే మనిషి కంచంలోకి మాంసం రావడానికి అవకాశమిచ్చిన ఈ లోపం 2020 నాటి నిబంధనలతో గాని తొలగలేదు. వాటి ప్రకారం మాంసాహారపు చుక్క త్రికోణంగా మారింది. ఒక్క ఆకారపు మార్పుతో తీరే సమస్యకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది!

నకిలీ సరుకు విషయంలోనూ నష్టపోయేది చదువు రానివారే. సంతలో సబ్బు కొనే స్త్రీ పేరు చదవదు, బొమ్మను పోల్చుకుంటుంది. మోసగాడు రంగునూ బొమ్మనూ ఉంచి అక్షరం ఒకటి మారుస్తాడు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ఇట్టి అనుకరణను నిషేధిస్తుంది. రెండు గుర్తులను పక్కపక్కన పెట్టి చూడక, అసలుదాన్ని లీలగా గుర్తుంచుకున్న సామాన్య కొనుగోలుదారు భ్రమపడతాడా అని న్యాయస్థానాలు పరిశీలిస్తాయి. అయితే, కేసు తేలేలోగా డబ్బు పోయేది పేదవారిదే. ఇక్కడ కూడా గుర్తు సరళతే అక్కరకు వస్తుంది. పది గీతల బొమ్మలో రెండు మారిస్తే ఎవరూ పోల్చలేరు. నీలి వృత్తంలోని ఆ ఒక్క గీతను కాస్త పక్కకు జరిపితే, పాసుపుస్తకం పట్టుకున్న ముసలమ్మ కూడా ఇది తన బ్యాంకు కాదంటుంది.