అంబికనే ఎందుకు అడుగుతారు?

అంబిక భయపడి కళ్ళు మూసుకుంది, అందుకే ధృతరాష్ట్రుడు గుడ్డివాడుగా పుట్టాడు. ఈ మాట మనకి ఎంత అలవాటైపోయిందంటే, అది ఒక తీర్పు అని కూడా తోచదు. తీర్పు చెప్పింది వ్యాసుడు. తల్లి లోపం వల్ల బిడ్డకి చూపుండదని సత్యవతితో ఆయనే అంటాడు. ఆ బిడ్డకి తండ్రీ ఆయనే. ఈ ఏర్పాటంతా చేసిన అత్తగారినీ, తండ్రినీ ఎవరూ ఏమీ అడగలేదు. తన ఇష్టంతో పనిలేకుండా పంపిస్తే, భయంతో కళ్ళు మూసుకున్న మనిషి మీద మాత్రం నేరం రుజువైపోయింది.

పురాణం కదా, ఎప్పుడో వదిలేశాం అనుకుంటాం. ఎక్కడ వదిలేశాం? పెదవి చీలి పుడితే ఇవాళ్టికీ 'గ్రహణం మొర్రి' అనే అంటాం. కన్ను చిన్నదిగా పుట్టినా, నల్లగుడ్డులో చీలిక కనిపించినా మొదటి ప్రశ్న తల్లికే: గ్రహణం నాడు బయటికెళ్ళావా? చదువుకున్న ఇళ్ళల్లో అయితే ఏం మాత్రలు మింగావు, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేశావా అని అడుగుతారు. ప్రశ్న మారింది గానీ బోనులో మనిషి మారలేదు.

నా పీహెచ్‌డీ మనిషి కన్ను కడుపులో ఎలా తయారవుతుందన్న దాని మీద. బయోఇన్ఫర్మేటిక్స్ కాబట్టి నా ముందు ఉండేవి ఫైళ్ళే. ఒక్కో కుటుంబానికి మూడు కాలమ్స్: బిడ్డ, అమ్మ, నాన్న. 300 కోట్ల అక్షరాల జీనోమ్‌లో బిడ్డకి తేడా ఎక్కడుంది, అది ఎవరి నుంచి వచ్చింది, కన్ను రూపుదిద్దుకునే వారాల్లో ఆ చోటుకి ఏమైనా పనుందా? రోజంతా వెతికేది ఇదే. ఈ పని చేసేకొద్దీ ఆ బోను మీద నాకు కోపం పెరుగుతోంది.

ముందు క్యాలెండర్ చూడండి. ఫలదీకరణ జరిగిన 22వ రోజుకే కళ్ళకి తొలి గుంటలు పడతాయి. అంటే నెల తప్పి వారం దాటిందంతే. చాలామందికి కడుపుతో ఉన్నామనే తెలియదు. గిన్నె ఆకారంలో ఉన్న ఆ పసి కన్నుకి అడుగున ఒక చీలిక ఉంటుంది. ఐదో వారంలో మూసుకోవడం మొదలై ఏడో వారానికి మూసుకుపోతుంది. మూసుకోకపోతే వచ్చేదే కొలొబోమా, కంటిపాప తాళంచెవి కన్నంలా కిందికి సాగి కనిపిస్తుంది. ఏడో నెలలో గ్రహణమని తలుపులేసి కూర్చోబెట్టేసరికి ఆ చీలిక సంగతి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

ఇక వ్యాసుడి సంగతి. అమ్మానాన్నలిద్దరిలోనూ లేని కొత్త అక్షరదోషాలు ప్రతి మనిషిలోనూ 60, 70 దాకా ఉంటాయి. దాదాపు అన్నీ హాని లేనివే. వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు తండ్రి వైపు నుంచి వచ్చేవి, తండ్రి వయసుతో పాటు పెరిగేవి. కంటిలోని రంగు వలయం, అదే ఐరిస్, లేకుండా పుట్టే అనిరీడియానే తీసుకోండి. పాక్స్6 అనే జన్యువుకి ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు అది వస్తుంది. దాదాపు మూడో వంతు కేసుల్లో ఆ దోషం కొత్తగా పుట్టిందే. 2013లో ప్రచురించిన ఒక కేసులో అయితే పాక్స్6 చెక్కుచెదరలేదు. దానికి లక్షన్నర అక్షరాల దూరంలో, పక్క జన్యువు లోపల ఉన్న ఒక స్విచ్‌లో ఒకే ఒక్క అక్షరం మారింది. అమ్మలో లేదు, నాన్నలో లేదు. ఎవర్ని బోనెక్కిస్తారు? నాన్నల్ని ఎక్కించమని నేననడం లేదు. నకలు తీసేటప్పుడు పడ్డ అచ్చుతప్పుకి నేరస్తుడెవరూ ఉండరు.

మేనరికం మాటేంటి అంటారు. అక్కడ భయపడాల్సింది ఒకే దోషం ఇద్దరి నుంచీ వచ్చినప్పుడు. ఇద్దరిదీ సమానమైన వాటా. సంబంధం కుదిర్చింది పెద్దలు, మాట పడేది కోడలు.

మరి తల్లి వైపు నుంచి వచ్చే కారణాలు అసలే లేవా? ఉన్నాయి. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్, పుట్టుకతో శుక్లాలున్న 78 మంది పసివాళ్ళ గురించి రాశాడు. వాళ్ళ తల్లుల్లో చాలామందికి గర్భం తొలిరోజుల్లో రుబెల్లా వచ్చింది. అంటే ఆయన కూడా తల్లుల్నే అడిగాడు. కానీ "ఏం చేశావు" అని అడగడం వేరు, "నీకేమైంది" అని అడగడం వేరు. రెండో ప్రశ్న నుంచి నివారణకి దారి దొరికింది. రుబెల్లా టీకా 1969 నాటికే ఉంది. మన దేశంలో పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా వేసే భారీ కార్యక్రమం 2017లో మొదలైంది. మధ్యలో గడిచిన 48 ఏళ్ళు ఏ తల్లి తప్పు?

ఇంకొకటి. ఏ వారంలో, ఏ కణంలో, ఏ జన్యువు పనిచేస్తుందో చెప్పే పట్టికలు నాకు ఊరికే రాలేదు. గర్భం తీయించుకున్న స్త్రీలు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చిన కణజాలం నుంచి వచ్చాయి. బ్రిటన్‌లో న్యూకాజిల్, లండన్ కేంద్రాలుగా అలాంటి బ్యాంకే నడుస్తోంది. ఆ స్త్రీల పేర్లు నా ఫైళ్ళలో ఉండవు, ఉండకూడదు కూడా. కన్ను పుట్టుక గురించి మనకి తెలిసింది చాలావరకు ఆడవాళ్ళు ఇచ్చిందే. ఆ తెలివిని చేతిలో పెట్టుకుని మళ్ళీ వాళ్ళనే నిలదీయడం కృతఘ్నత.

చూపులేని బిడ్డ కనిపించగానే తల్లి పాపం తవ్వే కథలు రాసేవాళ్ళకీ, మెచ్చుకునేవాళ్ళకీ ఒక్క మాట. నా ఫైళ్ళలో చాలా కేసులు కారణం తేలకుండానే ముగుస్తాయి. ఆ ఖాళీని చూసి భయపడే మనం అక్కడ అమ్మ పేరు రాసేస్తున్నాం. తెలియనప్పుడు తెలియదనే చెబుదాం. అక్కడితో ఆగుదాం.