గొర్రెల సినిమా దండగ కాదు



మొన్న మన హాస్టలు పిల్లలందరినీ టౌనుకి తీసుకెళ్లి సినిమా హాల్లో ‘షాన్ ది షీప్’ సినిమా చూపించారు కదా. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట వింటున్నాను. "గొర్రెలు గెంతే పిచ్చి సినిమా. ఒక పూట చదువు పోయింది. బస్సు ఖర్చు దండగ. బుద్ధులు నేర్పే సినిమా చూపిస్తే బాగుండేది" అంటున్నారు. పదో తరగతి అక్కలు కూడా కొందరు అదే అంటున్నారు. నా అభిప్రాయం వేరు. అది పిచ్చి సినిమాయే, కాదనను. కానీ దండగ మాత్రం కాదు. ఎందుకో చెప్తాను.

ఆ రోజు జ్వరం వచ్చి ఉండిపోయిన వాళ్ల కోసం ముందు కథ. ఒక రైతు దగ్గర షాన్ అనే గొర్రె, దాని మంద, బిట్జర్ అనే కుక్క ఉంటాయి. రోజూ ఒకటే పని. గొర్రెలకి విసుగొచ్చి ఒక్క రోజు సెలవు కావాలనుకుంటాయి. రైతు ముందు కంచె మీద నుంచి ఒకదాని వెనక ఒకటి గెంతుతాయి. వాటిని చూస్తూ ఆయన నిద్రపోతాడు. చక్రాలున్న చిన్న ఇల్లు లాంటి బండిలో పడుకోబెడితే అది దొర్లుకుంటూ పట్నం పోతుంది. తలకి దెబ్బ తగిలి రైతు అన్నీ మర్చిపోతాడు. జుట్టు కత్తిరించే షాపులో దూరి, గొర్రె ఉన్ని తీసినట్టు ఒకాయన జుట్టు తీసేస్తే, అదే కొత్త ఫ్యాషన్ అని పట్నం జనం ఎగబడతారు. గొర్రెలేమో బస్సెక్కి పట్నం వెళ్లి, మనుషుల బట్టలు తొడుక్కుని ఆయన కోసం వెతుకుతాయి. చివరికి అందరూ ఇంటికొస్తారు.

ఈ సినిమా 85 నిమిషాలు. అందులో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు. రైతు గొణుగుతాడు, గొర్రెలు మే అంటాయి, అంతే. నాకు నచ్చిన మొదటి సంగతి ఇదే. మన హాస్టల్లో మూడో తరగతిలో చేరేవాళ్లలో తెలుగు రాని పిల్లలు ఉన్నారు. కొండ మీద గూడేల నుంచి సవర మాత్రమే తెలిసి వస్తారు. తెలుగు సినిమా వేస్తే వాళ్లు మేం నవ్వాక, మా మొహాలు చూసి, అప్పుడు నవ్వుతారు. ఈ సినిమాకి మాకంటే ముందు వాళ్లే నవ్వారు.

పెద్ద హోటల్ సీను గుర్తుందా? ఎలా తినాలో తెలియక గొర్రెలు దగ్గర్లో కూర్చున్న గొప్పాయన ఏం చేస్తే అది చేస్తాయి. కొత్తగా హాస్టలుకి వచ్చిన పిల్లలూ అంతే కదా. బ్రష్ ఎలా పట్టాలి, ప్రతిజ్ఞకి చెయ్యి ఎలా చాపాలి, అన్నీ పక్కవాళ్లని చూసి చేస్తారు. అందుకే ఆ సీనుకి చిన్నపిల్లలు బెంచీల మీద నిలబడి మరీ నవ్వారు.

రెండో సంగతి. పిచ్చి సినిమా తియ్యడం తేలిక అనుకోకండి. ఇంగ్లాండులో బ్రిస్టల్ అనే ఊళ్లో ఆర్డ్‌మన్ అనే సంస్థ దీన్ని 2015లో తీసింది. మైనం లాంటి బంకమట్టితో బొమ్మలు చేసి, కొంచెం కదిపి ఫొటో తీసి, మళ్లీ కొంచెం కదిపి ఇంకో ఫొటో తీస్తారు. తెర మీద సెకనుకి 24 బొమ్మలు మారతాయి. నేను లెక్క వేశాను. 85 నిమిషాలకి 5,100 సెకన్లు, అంటే 1,22,400 బొమ్మలు. 2016లో ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. పిల్లల్ని నవ్వించడానికి పెద్దవాళ్లు ఇంత ఓపిక పట్టారంటే నవ్వు చిన్న విషయం కాదు.

మూడో సంగతి రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. షాన్ అంత దూరం వెతుక్కుంటూ షాపుకి వెళ్తే రైతు దాన్ని గుర్తుపట్టడు, బయటికి పంపేస్తాడు. అప్పుడు హాల్లో మన వరసలన్నీ నిశ్శబ్దం అయిపోయాయి. ఆదివారం గేటు దగ్గర ఏం జరుగుతుందో మనకి తెలుసు. అమ్మ సవరలో పిలుస్తుంది. కూతురు తెలుగులో జవాబు చెప్తుంది. పక్కన ఎవరైనా ఉంటే ఇంకా గట్టిగా తెలుగులోనే చెప్తుంది. అమ్మ ఏమీ అనదు. తెచ్చిన సీతాఫలాలు చేతిలో పెట్టి బస్సు టైమైందని వెళ్లిపోతుంది. ఆ రైతుకైతే తలకి దెబ్బ తగిలింది. మనకి ఏటి తగిలింది? ఎవరైనా నవ్వుతారేమో అన్న భయం, అంతే.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు మనం దండ వేసే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర భాష పుస్తకం 1931లో అచ్చయింది. అంత పెద్ద తెలుగు పంతులు గారు నేర్చుకున్న భాష మాట్లాడ్డానికి మనకి సిగ్గెందుకు?

ఇదంతా తెర మీద నీతివాక్యంగా వెయ్యలేదు. వేసుంటే కాపీలో రాసుకుని మర్చిపోయేవాళ్లం. నవ్వుతూ నవ్వుతూ ఉండగా తగిలింది కాబట్టి ఇంకా మనసులో ఉంది.

ఇక చదువు పోయింది అనేవాళ్లకి ఒక మాట. ఆ రాత్రి స్టడీ అవర్లో మూడో తరగతి పాప ఒకతి, జూన్‌లో చేరిన దగ్గర్నుంచీ నోరు విప్పనిది, గొర్రెలా గెంతుతూ కథంతా చెప్పింది. సగం సవర, సగం తెలుగు. మాట దొరకని చోట మేం అందించాం. అది చదువు కాదా?

వార్డెన్ మేడం గారికి నా విన్నపాలు రెండు. ఒకటి, నెలకోసారి స్కూలు టీవీలో ఇలాంటి మాటల్లేని నవ్వుల సినిమా వెయ్యండి. చార్లీ చాప్లిన్ ‘ది సర్కస్’ 1928లో వచ్చింది, అదీ మూకీ సినిమాయే. రెండు, సినిమా అయ్యాక నీతి పది లైన్లు రాయమనకండి. ఎవరి భాషలో వాళ్లని కథ చెప్పనివ్వండి.

ఇంకా దండగ అనిపించిన వాళ్లు ఒక సాయంత్రం మూడో తరగతి గదికి వెళ్లి ఆ పాప చేత గొర్రెల కథ చెప్పించుకోండి. సవర రాకపోతే భయం లేదు, పక్కన నేను కూర్చుంటాను.

— 9వ తరగతి విద్యార్థిని