పోతుటీగపై మోపిన నింద

తేనెపట్టును జూపి నీతి బోధించుట మన పాఠ్యపుస్తకములకు వాడుక. ఇటీవల మా తరగతిలో నొక బాలుడు తన వ్యాసమున నిట్లు వ్రాసెను: "పోతుటీగ తిని కూర్చుండును; కావున కూలియీగలు దానిని వెడలగొట్టును. దేశమందలి సోమరులనుగూడ నట్లే చేయవలెను." భాష నిర్దుష్టమగుటచే మార్కు లిచ్చితిమి, భావమునకు మాత్రము మా మన సొప్పలేదు.

ఐరోపాజాతి తేనెటీగనే తీసికొందము. పోతుటీగకు కొండి లేదు. పుప్పొడి మోయుటకు కాళ్లపై బుట్టలు లేవు. మైనము స్రవించు గ్రంథులు లేవు. పనిముట్టే లేనిదానిని పని చేయలేదని నిందించుట యే న్యాయము? పోనీ, తండ్రి యార్జించినది కూర్చుండి తినుచున్నదందుమా? దానికి తండ్రియే లేడు! ఫలదీకరణము కాని గ్రుడ్డునుండి యది పుట్టునని సైలీషియాకు జెందిన జీర్జోన్ అను క్రైస్తవ పురోహితుడు 1845లో ప్రకటించెను.

దానికి గలవి పెద్దకన్నులును, బలమైన రెక్కలును. అవి ఆకాశమున రాణిని వెదకుటకే. కలిసినంతనే యది ప్రాణము విడుచును. పది యిరువది పోతుటీగల బీజమును తనలో దాచుకొని రాణి యేండ్లతరబడి గ్రుడ్లు పెట్టును. పట్టులోని కూలియీగలన్నియు అట్లు మరణించినవాని బిడ్డలే. ఈ కలయిక పట్టువెలుపల జరుగునని తన 1792 నాటి గ్రంథమున నిరూపించిన జెనీవావాసి ఫ్రాన్స్వా హ్యూబర్ అంధుడు. సేవకుడైన బర్నెన్స్ కన్నులే ఆయనకు కన్నులు. అంధుడు తెలిసికొన్నదానిని కన్నులుండియు మనము చూడకుండుట సిగ్గుచేటు.

ఇక వెడలగొట్టుట మాట. శీతదేశములలో పూలు తఱిగినప్పుడు కూలియీగలు పోతుటీగలను బయటికి నెట్టును. అది సోమరితనమునకు శిక్ష గాదు. చలికాలమునకు తేనె చాలవలెనను అవసరము. ఈగల యవసరమును మనుష్యులకు ధర్మముగా విధించినచో, రేపు పనిచేయలేని ముదుసలిని, అంగవైకల్యము గలవానిని గడప దాటింతుమా?

మఱికొందఱు పెద్దలు ఇదే పట్టును జూపి, ఆడుది చాకిరి చేయుటయు మగవాడు కూర్చుండుటయు ప్రకృతిధర్మమని వాదింతురు. అయ్యా! ప్రకృతి పోతుటీగకు బుట్ట లీయలేదు. తమకు రెండు చేతు లిచ్చినది. అది తన యొక్క పనికై ప్రాణ మిచ్చును; తాము అరుగు దిగుటకే బద్ధకింతురు. తమకు దానితో పోలిక చెప్పినచో అవమాన మీగకే.

కావున పాఠకులకు మా విన్నపము: పిల్లలకు శ్రమను గూర్చి నీతి చెప్పదలచినచో తేనెపట్టుదాక పోనక్కఱలేదు. భోజనము ముగిసిన పిదప మన యింట ఎవరి కంచము నెవరు కడుగుచున్నారో చూపుడు. కొడుకుచేతను గూడ కడిగింపుడు. ఆ పాఠము పోతుటీగ నేర్పజాలదు, తల్లిదండ్రులే నేర్పవలెను.