నమ్మినవారి మొఱ



మొన్న నొక యాదివారమున మా యింట చిన్న వాదము జరిగినది. మా మఱది కంప్యూటరు విద్య నభ్యసించినవాడు. చిన్ననాటినుండియు విండోసు తప్ప మఱొకటి యెఱుగడు. ఎవరైన దానిని నిందించినచో సహింపడు. అట్టివాడు భోజనమునకు గూర్చుండి, విండోసును నిర్మించు మైక్రోసాఫ్టు సంస్థ మునుపటివలె లేదనియు, దానిని నమ్ముకొన్నవారు దేశదేశముల మొఱపెట్టుచున్నారనియు నొక పెద్ద పట్టిక చదివినాడు. అంతట మా మామగారు, "ఊరకుండుమురా! మన హైదరాబాదు బిడ్డ అధిపతిగా నున్న సంస్థను మనమే తూలనాడవచ్చునా?" అని మందలించిరి. మఱది మాటాడలేదు. కాని నా మనస్సు మాత్ర మూరకుండలేదు. నమ్మినవారు ఫిర్యాదు చేయుట ద్రోహమగునా? ఈ మాసమున ఆ మాటయే మీతో ముచ్చటింపదలచితిని.

మామగారి యభిమానము నిరాధారమైనది కాదు. సత్య నాదెళ్ళగారు 1967లో మన నగరమున జన్మించి, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలున చదివి, 1992లో ఆ సంస్థలో ప్రవేశించి, 2014 ఫిబ్రవరి 4వ తేదీన దాని కధిపతియైరి. ఆ సంస్థయు 1998 నుండి మన నగరమున నొక పెద్ద కార్యస్థానమును నడుపుచున్నది. ఇంతకంటె దగ్గఱి బంధ మింకొకటి కలదు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' యను తెలుగు ఫాంటు వచ్చినది. ఎందఱో తెలుగువారు తమ యింటి కంప్యూటరు తెరమీద తెలుగక్షరమును చూచి మురిసినది దానివలననే. కావున మనకా సంస్థపై మమకార ముండుట సహజము.

ఇక నమ్మినవారి మొఱ యేమనగా: 2015 జులై 29న విండోస్ 10 వచ్చినది. ఆ యేడే సంస్థ యుద్యోగి యొకరు ఒక సభలో, ఇదియే కడపటి విండోసని పలికిరి. జనులామాట నమ్మిరి. కాని 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినది. దానికి టీపీఎమ్ 2.0 అను రక్షణభాగమును, క్రొత్తతరపు ప్రాసెసరును కావలెననిరి. 2017కు పూర్వపు యంత్రములలో పెక్కు, చక్కగా పనిచేయుచున్నను, ఈ పరీక్షలో తప్పినవి. పిదప 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచితముగా రక్షణమార్పు లందించుట మానిరి. యంత్రము ఆగిపోదు; కాని దొంగలు దినదినమును క్రొత్త మారుతాళములు చేయుచుండగా మన తలుపు గడియ బాగుచేయు వడ్రంగి రాకుండుట వంటి దిది. మఱియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వరకు, రక్షణ కావలసినవారు ముప్పది డాలర్లు చెల్లింపవలెను. లేదా సంస్థవద్ద ఖాతా తెఱచి తమ యంత్రపు అమరికల నచట దాచుకొనవలెను అని ప్రకటించిరి.

రెండవ మొఱ వెలనుగూర్చినది. ఉత్తరములు వ్రాయుటకు, పద్దులు వేయుటకు వాడు ఆఫీసు సాధనములను పూర్వ మొకమాఱు కొన్నచో మనవే. ఆ పద్ధతి యింకను పోలేదు గాని, 2011 నుండి సంవత్సర చందా పద్ధతి ముందునకు వచ్చినది. 2025లో దానికి 'కోపైలట్' అను కృత్రిమమేధ సహాయకుని జతచేసి వెల పెంచిరి. ఆ సహాయకుడు వలదను వారికి పాతవెల చందా యున్నను, చందా మానుకొనబోయినగాని అది కనబడకుండెనని ఆస్ట్రేలియాలోని వినియోగదారుల రక్షణసంస్థ 2025 అక్టోబరున దావా వేసినది. పిమ్మట మైక్రోసాఫ్టు వారు క్షమాపణ చెప్పి, పైకము తిరిగి యిచ్చుటకు ముందునకు వచ్చిరి. ఇల్లు విడిచి పోయెదనన్న తరువాతనే పెరుగున్నదని చెప్పు గృహిణిని మన మేమందుము?

ఇచట మా పేటలోని యొక చిన్న సంగతి చెప్పెదను. ఉస్మాన్‌గంజ్ టోకు వర్తకమునకు పేరుపడినదని మీరెఱుగుదురు. తెల్లవారినది మొదలు బండ్ల చప్పుడు, హమాలీల కేకలు. మా అత్తగారి కాలమునుండియు మేము కందిపప్పు కొనుచున్న యంగడి యొకటి కలదు. పెద్దాయన విశ్రమించి కుమారునకు వ్యాపార మొప్పగించెను. కుమారుడు అద్దాల తలుపులు పెట్టించి, విడిపప్పు తూచి యిచ్చుట మాని, మూతికట్టిన సంచులనే అమ్మసాగెను. పప్పును చేతబట్టి చూచి కొను అలవాటు మాది. నాకు కష్టము తోచినను మొగమాటముచేత నోరు మెదపక, రెండు నెలలకు వేఱొక యంగడికి మాఱితిని. పొరుగింటి పిన్నిగారట్లు చేయలేదు. నేరుగా వెళ్ళి, "నాయనా, అద్దాలు పెట్టుకొంటివి, సంతోషము. కాని చూడని పప్పును కొనుమనుట న్యాయమా?" అని యడిగిరి. మఱువారమే తలుపువద్ద నొక బస్తా మూతివిప్పి నిలిపినాడు. తరువాత నన్ను త్రోవలో చూచి, "మీరును చెప్పియుండవచ్చును గదమ్మా!" అనెను. నాకు సిగ్గువేసినది. మర్యాదగా తొలగిపోయితినని నేననుకొంటిని. అతనికి మేలు చేసినవారు మాత్రము నిలిచి యడిగిన పిన్నిగారే.

పెద్ద సంస్థలు మన మాట వినునా యని మీరడుగవచ్చును. వినిన సందర్భములు కలవు. 2012లో విండోస్ 8 నుండి 'స్టార్టు' బటను తీసివేసిరి. అలవాటుపడినవారు గగ్గోలు పెట్టగా మఱుసటి యేడు తిరిగి నిలిపిరి. 1985 నుండి విండోసుతో గూడనున్న 'పెయింట్' బొమ్మల పలకను 2017 జులైలో ఇక తొలగింపదగినవాని జాబితాలో చేర్చిరి. మా అమ్మాయివలె ఎందఱు పిల్లలు దానిమీద తొలి యిల్లును, తొలి సూర్యుని గీసిరో! లోకమంతట వేడికోళ్ళు రాగా వెంటనే, అది పోదని మాట యిచ్చిరి. 2024 మేలో, తెరపై జరుగుదానినెల్ల క్షణక్షణమును చిత్రించి దాచు 'రీకాల్' అను సాధనమును ప్రకటించిరి. ఇంటిగుట్టు బయటపడునని జనులు భయపడగా, మఱునెలలోనే దానిని వాయిదావేసి, కోరినవారికి మాత్రమేయని మార్చిరి. 2025లో ఐరోపా వినియోగదారుల సంఘము పట్టుపట్టగా, విండోస్ 10 అదనపు రక్షణకు పెట్టిన షరతును ఆ దేశములవారికి సడలించిరి.

నంది తిమ్మనగారి పారిజాతాపహరణమున సత్యభామ యలుగుట మీరు చదివియుందురు. పరాయివానిపై ఎవరలుగుదురు? తనవాడనుకొన్నచోటనే అలుక పుట్టును. అయితే వర్తకసంస్థ శ్రీకృష్ణుడు కాదు. అలుక తీర్చుటకు తానై రాదు. కావున మన మొఱ స్పష్టముగా నుండవలెను. మార్పులన్నియు చెడ్డవి కావు. రక్షణభాగము కోరుటకును కారణము లేకపోలేదు, దొంగతనములు పెరిగినవి. ముందుగా చెప్పుట, పాతవారికి తగిన వ్యవధి యిచ్చుట, వెల దాచకుండుట, ఈ మూడింటిని అడుగుట మన హక్కు. ఆ సంస్థలో పనిచేయు మన పిల్లలను దూషించుట హక్కు కాదు.

మన వంతు పనియు కొంత కలదు. పిల్లల ఛాయాచిత్రములు, ఇంటి పద్దులు ఒక్క యంత్రముననే యుంచక వేఱొక డిస్కుమీద ప్రతి దాచుకొనుడు. పాత కంప్యూటరును పాతసామానువానికి తూకమున కిచ్చుటకు ముందు, ఉచితముగా దొరకు లినక్సు దానిపై నడచునేమో తెలిసినవారి నడుగుడు. మా వారు పాఠశాల ప్రశ్నపత్రములు తయారుచేయు పాత యంత్రమునకు అట్లే చేయదలచితిమి.

ఆ రాత్రి నేనీ మాటలన్నియు చెప్పగా మామగారు చాలసేపు మాటాడలేదు. పిదప మఱదిని పిలిచి, "ఆ పట్టికను ఉత్తరముగా వ్రాసి వారికి పంపుము, ముందు నాకు చూపుము" అనిరి. వాడు వ్రాసి తెచ్చెను. మామగారు కళ్ళజోడు పెట్టుకొని, కఠినమైన మాటలు నాలుగు కొట్టివేసిరి. తేదీలను మాత్రము ఒక్కటియు కొట్టివేయలేదు.

ఇట్లు,
మీ సోదరి,
ఉస్మాన్‌గంజ్