పేరు రాస్తే ఫైలు రాదు

భిలాయి ఉక్కు నగరానికి ఉత్తరం రాసేటప్పుడు వీధి సంఖ్య ఒక్కటే చాలదు. అదే సంఖ్య గల వీధి వేరే సెక్టర్లలోనూ ఉంటుంది. అందుచేత ‘సెక్టర్ 2’ అని కూడా రాయాలి. 2009లో పి.హెచ్.పి. 5.3తో వచ్చిన నేమ్‌స్పేస్ చేసే పని ఇటువంటిదే. ఒకే పేరు గల రెండు క్లాసులను అది వేరుచేసి చూపుతుంది.

అయితే చిరునామా రాసినంత మాత్రాన ఉత్తరం చేరదు. పోస్ట్‌మాన్ తీసుకువెళ్లాలి. అలాగే ‘యూజ్’ అని రాసినంత మాత్రాన క్లాసు ఉన్న ఫైలు రాదు. దాన్ని ‘రిక్వైర్’ గాని, ఆటోలోడర్ గాని తేవాలి. కాబట్టి ‘క్లాసు దొరకలేదు’ అన్న సందేశం చూసి, ఈ చదువు మనకు అబ్బదని మానుకోకండి.

కంపోజర్ అనే సాధనమే అన్నీ చూసుకుంటుంది కదా, చేతితో రాయడం దేనికని కొందరంటారు. నేను అంగీకరించను. మొదట రెండు ఫైళ్లను ‘రిక్వైర్’తో మీరే కలపండి. తరువాత చిన్న ఆటోలోడర్ రాయండి. ఆ పిదప కంపోజర్ వాడండి. అప్పుడు విండోస్‌లో నడిచిన ప్రోగ్రాం లినక్స్‌లో ఆగిపోయినా మీరు భయపడరు. ఫైలు పేరులోని ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు క్లాసు పేరుతో సరిపోయాయో లేదో ముందుగా చూస్తారు.