మెడమీది కాడి

ధ్యానభాగము: యెషయా 38వ అధ్యాయము



మా సంఘములో ఒక పెద్ద ఉన్నాడు. వేరుశనగ రైతు. ఆరాధనలో డోలక్ వాయించేవాడు. ఒక ఆదివారము ప్రభురాత్రి భోజన సమయమున గిన్నె అతని చేతిలోనుండి జారి చొక్కా మీద ఒలికిపోయింది. "చేతులు తిమ్మిరెక్కుతాండాయి అయ్యగారూ" అని సిగ్గుతో తల వంచుకున్నాడు.

తరువాత చొక్కా గుండీలు పెట్టుకోవడము కష్టమైంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఇంటివారు వాతమని తైలము రుద్దారు. ఒక డాక్టరు మెడ స్కానింగ్ తీయించుకోమన్నాడు, ఆపరేషన్ కావలసి రావచ్చు అన్నాడు. "మెడకు కత్తి పెడితే మంచాన పడతారంట" అని భార్య ఏడ్చింది. నేను కూడ, "తొందరపడవద్దు, ముందు ప్రార్థనలో కనిపెడదాము" అన్నాను. ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఆ మాట గురించే ఈ నెల వ్రాస్తున్నాను.

మన మెడలో 7 ఎముకలున్నవి. వాటి నడిమి గొట్టములో వెన్నుపాము దిగుతుంది. రెండు ప్రక్కలా చిన్న సందులలోనుండి నరములు చేతులకు వెళ్లును. ఎముకల మధ్యనున్న మెత్తని డిస్కు అరిగి బయటికి పొడుచుకొని వచ్చినా, ఎముక పెరిగినా ఆ దారి ఇరుకగును. మన జిల్లాలో అనేక గ్రామముల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఏండ్ల తరబడి అవి త్రాగినవారికి వెన్నులోని కట్లు సైతము ఎముకవలె గట్టిపడి వెన్నుపామును నొక్కవచ్చు. ఈ ఫ్లోరైడు వ్యాధిని నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామములలో చూచి డాక్టర్లు 1937లోనే వ్రాశారు.

ఒక్క నరము మాత్రమే నలిగితే మెడనుండి చేతికి నొప్పి, తిమ్మిరి దిగును. చాలామందికి మందులు, విశ్రాంతి, వ్యాయామముతో కొన్ని వారములలో తగ్గిపోవును. కాని వెన్నుపామే నలిగితే నొప్పి పెద్దగా లేకపోయినా వ్రేళ్లు పట్టు తప్పును, కాళ్లు బిగుసుకొనును, నడక తూలును, మూత్రము అదుపు తప్పును. దీనికి తైలము చాలదు.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారో తెలియకనే మనకు అంత భయము. ఒకటి రెండు డిస్కుల దగ్గరే ఒత్తిడి ఉంటే గొంతు ముందు ప్రక్క చిన్న గాటు పెట్టి, అన్నవాహికను శ్వాసనాళమును ప్రక్కకు జరిపి, చెడిన డిస్కును తీసివేస్తారు. ఆ ఖాళీలో తుంటినుండి తీసిన ఎముక ముక్కనో, చిన్న పంజరమువంటి అమరికనో ఉంచి రెండు ఎముకలను అతికిస్తారు. ఈ పద్ధతి 1950ల నుండి ఉన్నది. చాలా చోట్ల ఇరుకైతే మెడ వెనుకనుండి వెన్నుపూస కప్పును తీసివేస్తారు. లేదా తలుపు తెరచినట్లు ఒక ప్రక్కకు ఎత్తి నిలుపుతారు. ఈ తలుపు పద్ధతిని 1970లలో జపాను డాక్టర్లు వృద్ధి చేశారు. ఒక్క నరమే నలిగితే, అది బయటికి వచ్చే సందును మాత్రమే వెడల్పు చేయుటయు కలదు. గొంతు బొంగురుపోవుట, మ్రింగుటకు కష్టము, భుజము బలహీనత కొందరికి కలుగును, పక్షవాతము అరుదు. బీడీ త్రాగేవారికి ఎముక త్వరగా అతుకదు.

మా సహోదరునికి చివరకు వెనుకనుండి ఆపరేషన్ జరిగింది. "ఇక ముదరకుండా ఆపగలము. పోయిన పట్టు అంతా తిరిగి వస్తుందని చెప్పలేము. ముందే వచ్చి ఉంటే మేలుగా ఉండేది" అన్నాడు డాక్టరు. ఆ మాట రోగికంటె నాకే ఎక్కువ తగిలింది.

హిజ్కియా రాజు గోడతట్టు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు అతనికి 15 సంవత్సరముల ఆయుష్షు పెంచాడు. అయినను అదే అధ్యాయములో యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. ప్రార్థన విన్న దేవుడే మందును కూడ చూపించాడు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని గారు వేలూరులో ఒక్క మంచముతో ఆరంభించిన మిషన్ వైద్యసేవ ఈ విశ్వాసముతోనే పెరిగింది. మన దేశములో మొదటి న్యూరోసర్జరీ విభాగమును డాక్టర్ జాకబ్ చాండీ గారు 1949లో స్థాపించినది అక్కడనే. ప్రార్థనయు శస్త్రచికిత్సయు అక్కడ ఒక్క కప్పు క్రిందనే ఉన్నవి. నేనెందుకు వాటిని విడదీశాను?

కనుక ప్రియులారా, చేతిలోని వస్తువులు జారుతున్నా, గుండీలు పెట్టుకోలేకపోయినా, నడక తూలినా ఆలస్యము చేయక నరముల డాక్టరుకు చూపించండి. మంగలి దగ్గర గాని మరెవరి దగ్గర గాని మెడ విరిపించుకోవద్దు. వెళ్లేటప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డు తీసుకొని, మీ చికిత్స దానిలోకి వస్తుందేమో ఆసుపత్రిలో అడగండి. సంఘ పెద్దలు ప్రార్థన చేసి అక్కడితో ఊరుకొనక, బస్సు చార్జీకి సహాయము చేసి తోడు వెళ్లవలెను.

మా సహోదరుడు ఇప్పుడు కర్రతో గుడికి వస్తున్నాడు. డోలక్ మనుమడు వాయిస్తున్నాడు. మొన్న నేను క్షమాపణ అడుగగా, "నాకు కాదు అయ్యగారూ, పత్రికలో రాయండి. ఇంగొకరికి ఆలస్యం కాకూడదు" అన్నాడు. ప్రభురాత్రి భోజనమునకు వచ్చినప్పుడు గిన్నెను అతడు రెండు చేతులతో పట్టుకొంటాడు. క్రింద నా చెయ్యి కూడ ఉంచుతున్నాను.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని ఆదరించును గాక. ఆమేన్.